వెనకాల గ్లాసులు మోగే రికార్డు

లైవ్ ఆల్బమ్‌లో నాకు పాట కన్నా ముందు ఆ గది వినపడాలి. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని, నేలమాళిగలో చిన్న జాజ్ క్లబ్బు. 1961 జూన్ 25, ఆదివారం అక్కడ రికార్డు చేసిన కచేరీ. పియానో బిల్ ఎవాన్స్, బేస్ (మంద్ర స్వరాలు పలికే పెద్ద తీగల వాద్యం) స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. వెనకాల గ్లాసుల గలగల, ఎవరివో కబుర్లు, మధ్యలో ఓ నవ్వు. మా ఆవిడకి ఆ గోల చిరాకు. నాకైతే అది లేకపోతే వెలితి.

లఫారో బేస్ తాళానికి కాపలా కాస్తూ వెనక నిలబడదు. పియానో మాటకి ఎదురు మాట చెబుతుంది, ఒక్కోసారి అడ్డు తగులుతుంది కూడా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్నొక్కదాన్నే పట్టుకుని వెళ్తే వేరే కచేరీ విన్నట్టుంటుంది. ఆ కచేరీ అయిన 11 రోజులకే లఫారో కారు ప్రమాదంలో పోయాడు. 25 ఏళ్లు.

అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ 1968లో ఫాల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడిన లైవ్ ఆల్బమ్ కూడా ఇష్టమే. కాకపోతే మొదటి పాటలో హత్య మాట రాగానే లేచే ఆ కేరింత తర్వాత స్టూడియోలో అతికించింది. గార్డులు చూస్తుండగా ఖైదీలు అలా అరుస్తారా? ఇది తెలిశాక కూడా అక్కడ నాకు రోమాలు లేస్తాయి, ఏం చెయ్యను!

వాన్‌గార్డ్ రికార్డింగులు కొనేవాళ్లు మూడు సీడీల పూర్తి సెట్ తీసుకోండి. ‘గ్లోరియాస్ స్టెప్’ అనే ట్యూన్‌ని మొదటిసారి వాయించిన టేక్‌లో కరెంటు పోయి తెగిన ముక్కని కూడా అందులో అలాగే ఉంచారు.