నొప్పి తెలియని చోటు

2022 ఫిబ్రవరిలో ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం స్టోమా (పేగుకు పొట్ట మీద చేసే ద్వారం) సంగతి చూసే సిస్టర్ నా మంచం దగ్గరికి వచ్చి, పొట్ట మీద పేగును ఎక్కడ బయటికి తీయాలో గుర్తు పెట్టడం కోసం నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, ముందుకు వంచి చూశారు. చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుకుంటారు, పంజాబీ డ్రెస్ నాడా ఎంత కిందికి కడతారు అని ఒక్కొక్కటే అడిగారు. నేను కొండదారుల్లో సైకిల్ తొక్కుతానని చెప్పగానే పెన్ను పక్కన పెట్టి, గదిలోని ప్లాస్టిక్ కుర్చీని నా ముందుకు జరిపి, "సైకిల్ మీద ఎలా కూర్చుంటారో, దీన్ని పట్టుకొని అలా వంగండమ్మా" అన్నారు. నేను వంగినప్పుడు బొడ్డు కింద కుడివైపున చర్మం ఎక్కడ మడత పడుతోందో వేలితో తడిమి చూసి, మొదట పెట్టిన చుక్కను స్పిరిట్‌తో తుడిచేసి, దానికి రెండు వేళ్ల పైన ఇంకో చుక్క పెట్టారు. ఈ రోజు నేను అనంతగిరి దారుల్లో ముందుకు వంగి తొక్కుతున్నా పేగు నుంచి వచ్చే మలాన్ని పట్టే బ్యాగు అంచు మడతలో పడి ఊడిపోవడం లేదంటే దానికి కారణం ఆ రెండు వేళ్ల తేడాయే.

నాకు అప్పటికి నాలుగేళ్లుగా అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్ద పేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు ఉంది. మొదటి ఆరు నెలలూ దాన్ని అమీబా వల్ల వచ్చిన జిగట విరేచనాలుగానే చూశారు. మన దగ్గర అది అంత సాధారణం కనుక ఆ పొరపాటు జరగడం వింత కాదు గానీ, ప్రతి కోర్సు మాత్రలకూ నాలుగు రోజులు తగ్గి మళ్లీ రక్తం పడుతున్నప్పుడు కొలనోస్కోపీ (పెద్ద పేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేయించుకోమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మెసలమైన్, స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కొక్కటీ కొంతకాలం పనిచేసి ఆగిపోయాయి. చివరికి రోజుకు ఇరవైసార్లు బాత్రూముకు వెళ్లే స్థితిలో, 58 కిలోల నుంచి 43 కిలోలకు తగ్గిపోయి ఆస్పత్రిలో చేరాను. వారం రోజులు నరం ద్వారా స్టెరాయిడ్ ఎక్కించినా రక్తం ఆగకపోవడంతో పెద్ద పేగును తీసివేసి, చిన్న పేగు చివరను పొట్ట మీదికి తెచ్చారు. దీన్నే ఇలియాస్టమీ అంటారు. పెద్ద పేగు తరువాత మలద్వారం దాకా ఉండే పురీషనాళాన్ని ఉంచారు కనుక దానికి క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకుంటున్నాను. తరువాత ఇంకో ఆపరేషన్‌తో లోపలే ఒక సంచిలాంటిది తయారుచేసి స్టోమాను మూసివేసే అవకాశం ఉందని సర్జన్ గారు వివరించారు గానీ, నాలుగేళ్ల తరువాత తొలిసారి నొప్పి లేకుండా అన్నం తింటున్న నేను మళ్లీ థియేటర్‌లోకి వెళ్లదలచుకోలేదు.

స్టోమా అంటే తెలియనివారి కోసం చెప్తున్నాను. అది ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా మెరుస్తూ ఉంటుంది. నాది సుమారు 2.5 సెంటీమీటర్ల ఎత్తు. చొక్కా చేతిని మడిచినట్టు పేగు చివరను వెనక్కి తిప్పి కుట్టే ఈ పద్ధతిని 1952లో ఇంగ్లండ్‌లో బ్రయాన్ బ్రూక్ అనే సర్జన్ వివరించాడు. అంతకు ముందు పేగు చివర అలాగే బయట ఉండిపోయి వాచేది, జీర్ణరసాలు చర్మాన్ని తినేసేవి. ఇప్పుడు అది ముక్కులా బయటికి పొడుచుకొని ఉండడం వల్ల లోపలి నుంచి వచ్చేది నేరుగా బ్యాగులో పడుతుంది, చర్మం బతుకుతుంది. అయితే సైకిల్ తొక్కేవారికి చిక్కు కూడా ఆ ఎత్తుతోనే వస్తుంది. పట్టీ రాసుకునేదీ, హ్యాండిల్ తగిలేదీ, పడినప్పుడు రాయి నొక్కేదీ అక్కడే. పైగా పేగు పొరకు చర్మంలా స్పర్శ ఉండదు. కోసుకున్నా కాలినా తెలియదు. డిశ్చార్జి రోజున సిస్టర్ నా చేయి పట్టుకొని చెప్పిన మాట ఇదే: "దీనికి నొప్పి తెలియదమ్మా. మీ కన్నే చూడాలి."

ఇంటికి వచ్చిన మొదటి ఆరు వారాలూ నడక తప్ప ఏమీ చేయలేదు. స్టోమా ఆ రోజుల్లో వాపు తగ్గి చిన్నదవుతూ ఉంటుంది కనుక వారానికోసారి కొలిచి, ఫ్లాంజ్‌కు (బ్యాగును పట్టి ఉంచడానికి చర్మానికి అంటించే పలకకు) చేసే రంధ్రాన్ని దానికి తగ్గట్టు కత్తిరించుకునేదాన్ని. మొదటి మూడు నెలలూ ఐదు కిలోలకు మించి ఏదీ ఎత్తవద్దని సర్జన్ గారు గట్టిగా చెప్పారు. పేగు బయటికి రావడానికి పొట్ట గోడలో ఒక రంధ్రం చేశారు. పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఆ రంధ్రం పక్క నుంచి లోపలి పేగులు తోసుకొని వస్తే హెర్నియా అవుతుంది. అది స్టోమా ఉన్నవారిలో చాలామందికి వచ్చేదే. తొక్కడం కన్నా సైకిల్‌ను కారు మీదికి ఎత్తడమే ప్రమాదమని నాకు ఆలస్యంగా అర్థమైంది. నా సైకిల్ 14 కిలోలు. ఇప్పటికీ దాన్ని నేను ఒక్కదాన్నే ఎత్తను. మా తమ్ముడు ఒక చక్రం పట్టుకుంటాడు, నేను ఒకటి పట్టుకుంటాను.

నాలుగో నెలలో గండిపేట చెరువు పక్క రోడ్డు మీద తొక్కడం మొదలుపెట్టాను. ఏడో నెలలో, వానలు వెనకపట్టిన సెప్టెంబరులో, తమ్ముడితో కలిసి వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలకు వెళ్లాను. మూసీ నది పుట్టే ఈ కొండలు హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్లు. అడవి దారులన్నీ ఎర్రమట్టి, గులకరాళ్లు, వేళ్లు. అక్కడ పాతకాలపు టీబీ శానిటోరియం ఉంది. మంచి గాలి కోసం రోగులను పంపిన చోటికి నేను నా సంచితో, నా సైకిల్‌తో వెళ్తున్నానన్న ఆలోచన ఆ ఉదయం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఆ ధైర్యంలో ఒక చిన్న విషయం మరిచిపోయాను. వీపు మీద నీళ్ల బ్యాగుకు నడుము దగ్గర ఒక పట్టీ ఉంటుంది. గతుకుల్లో బ్యాగు ఎగరకుండా దాన్ని బిగించుకున్నాను. మూడు గంటల తరువాత స్టోమా బ్యాగు ఖాళీ చేయబోతే లోపల ఎర్రగా కనబడింది. తుడిచి చూస్తే స్టోమా కింది అంచున అర సెంటీమీటరు పొడవున తెల్లని గీత, దాని చుట్టూ రక్తం. పట్టీ ప్రతి కుదుపుకూ అక్కడే రాసుకుంది, నాకు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. తడి బట్టతో మెల్లగా అదిమితే పది నిమిషాల్లో రక్తం ఆగింది, డాక్టరుకు చూపిస్తే దానంతట అదే మానుతుందన్నారు, రెండు వారాల్లో మానింది కూడా. కానీ ఆ రోజు నుంచి నా పొట్ట మీదుగా ఏ పట్టీ వెళ్లినా దాన్ని ముందు చేత్తో వెంబడించి చూస్తాను. నీళ్ల బ్యాగు నడుము పట్టీని కత్తెరతో కోసి పారేశాను. నడుము దగ్గర ఎలాస్టిక్ ఉన్న షార్ట్స్ మానేసి, భుజాల మీది నుంచి పట్టీలతో వేలాడే బిబ్ షార్ట్స్‌కు మారాను.

తరువాత దెబ్బ తగలకుండా ఏదైనా కవచం ఉండాలనుకున్నాను. కొనేముందు ఇంట్లోనే ప్రయత్నించి చూద్దామని ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె మూతకు అంచులన్నీ స్పాంజి అంటించి, ఎలాస్టిక్‌తో బ్యాగు మీద కట్టుకున్నాను. దెబ్బకైతే అది ఆగేదే. కానీ నాలుగు వైపులా గట్టిగా అదుముకోవడం వల్ల లోపలి నుంచి వచ్చింది బ్యాగు కిందికి జారే దారి లేక స్టోమా చుట్టూనే పేరుకుపోయి, చివరికి ఫ్లాంజ్ కింద నుంచి కారింది. చిన్న పేగు నుంచి వచ్చేదానిలో జీర్ణరసాలు ఉంటాయి. అరగంటలో చర్మం మండిపోయింది, వారం రోజులు పౌడర్ చల్లుకుంటూ ఉండవలసి వచ్చింది. అందుకే కవచం ఎంచుకునేవారు గట్టిదనం కన్నా ముందు కింది భాగం తెరిచి ఉందా లేదా చూడాలి. నేను ఇప్పుడు వాడేది డొప్పలా ఉబ్బెత్తుగా, గాలి ఆడే రంధ్రాలతో, కింద బ్యాగు జారడానికి ఖాళీతో ఉన్న గట్టి ప్లాస్టిక్ గార్డు. దాని అంచు స్టోమా మీద కాక, చుట్టూ ఉన్న పొట్ట మీద ఆనాలి. దాన్ని పెట్టుకొని కుర్చీలో ముందుకు వంగి, కుడి మోకాలు పైకెత్తి, ఎక్కడైనా తగులుతోందా అని ఇంట్లో చూసుకున్న తరువాతే బయటికి తీసుకెళ్లాను.

ఆ గార్డు 2023 జనవరిలో తన పని చేసింది. దిగువలో ఎండుటాకుల కింద గులకరాళ్ల మీద ముందు చక్రం జారి, హ్యాండిల్ అడ్డం తిరిగి, దాని కొన సరిగ్గా పొట్ట కుడివైపు పొడిచింది. గార్డు చిట్లింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి, "అక్కా, లేవకు, ముందు చూసుకో" అన్నాడు. చెట్టు చాటుకు వెళ్లి చూసుకున్నాను. రంగు ఎర్రగానే ఉంది, వాపు లేదు, రక్తం లేదు. ఆ సాయంత్రం దాకా గంటకోసారి చూశాను, బ్యాగులోకి మామూలుగా వస్తోందా లేదా గమనించాను. స్టోమా ఊదాగానో నల్లగానో మారినా, అదిమినా రక్తం ఆగకపోయినా, గంటలు గడిచినా ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు మొదలైనా ఇంటికి కాదు, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలని మేమిద్దరం ముందే అనుకున్నాం. ఆ తరువాత హ్యాండిల్ రెండు కొసలకూ రబ్బరు బిరడాలు పెట్టించాను. తెరిచి ఉన్న గొట్టం అంచు కొడవలిలా కోస్తుంది. స్టోమా లేనివారికైనా అది ప్రమాదమే. హ్యాండిల్‌ను కొంచెం పైకి ఎత్తించి, పొట్టకూ దానికీ మధ్య ఖాళీ పెంచుకున్నాను.

ఇక బ్యాగు సంగతి. నేను రెండు భాగాల రకం వాడతాను, ఎందుకంటే చర్మానికి అంటిన ఫ్లాంజ్‌ను కదపకుండా బ్యాగును తిప్పుకోవచ్చు. నిటారుగా వేలాడితే ప్రతి పెడల్‌కూ కుడి తొడ దాన్ని తంతుంది. అందుకని తొక్కేటప్పుడు దాన్ని నడుము పక్కకు వాలుగా తిప్పి పెట్టుకుంటాను. ఫ్లాంజ్‌ను సైకిల్ ఎక్కే ఉదయం ఎప్పుడూ మార్చను, ముందు రోజు సాయంత్రమే మార్చి అరచేయి వెచ్చదనం తగిలేలా కొన్ని నిమిషాలు అదిమి పట్టుకుంటాను. అప్పుడే అంటించినది చెమటకు నిలవదు. మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తాను. నిండిన బ్యాగు బరువుకు కుదుపులు తోడైతే ఎంత మంచి జిగురైనా లేస్తుంది. ఇంకో పూర్తి సెట్టు, ముందే కత్తిరించిన ఫ్లాంజ్‌తో సహా, సీటు కింది సంచిలో ఉంటుంది. ఎండలో కారులో మాత్రం వదలను, జిగురు కరిగిపోతుంది. ముందు రోజు మొక్కజొన్న, పచ్చికొబ్బరి, మునక్కాడల జోలికి పోను. పీచు స్టోమా దగ్గర అడ్డం పడితే అడవిలో ఏమీ చేయలేం. పొద్దున్నే అన్నమో అరటిపండో తింటే వచ్చేది చిక్కగా ఉంటుంది.

నన్ను నిజంగా ఆస్పత్రి పాలు చేసింది మాత్రం దెబ్బ కాదు, నీళ్లు. 2023 ఏప్రిల్‌లో దప్పిక వేసినప్పుడల్లా మంచినీళ్లు తాగుతూ మూడు లీటర్లు పూర్తిచేశాను. ఎంత తాగితే అంత బ్యాగులోకి వచ్చేసింది. పిక్కలు పట్టేశాయి, కళ్లు తిరిగాయి, మూత్రం ముదురు పసుపుగా రెండుసార్లే వచ్చింది. అక్కడి నుంచి నేరుగా వెళ్లి సెలైన్ ఎక్కించుకున్నాను. పెద్ద పేగు ఉప్పునూ నీటినీ వెనక్కి పీల్చుకునే చోటు, అది లేదు నాకు. ఉప్పు లేని నీళ్లు ఎక్కువగా తాగితే చిన్న పేగు ఉన్న ఉప్పును కూడా అందులోకి వదిలేస్తుంది కనుక దప్పిక తీరదు, ఒళ్లు ఇంకా ఎండుతుంది. ఇప్పుడు లీటరు నీటిలో ఒక పెద్ద ప్యాకెట్ ఓఆర్‌ఎస్ కలుపుకొని గుక్కెడు గుక్కెడు తాగుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అందులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఆ గ్లూకోజే ఉప్పును లోపలికి లాగుతుంది. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి సాటి రావు. వాటి పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు. ఆవిడకు నాలాంటివాళ్లం ఎంతో రుణపడి ఉన్నాం.

ఇదంతా నా శరీరానికి కుదిరిన పద్ధతి. పురీషనాళం కూడా తీసినవారు సీటు మీద కూర్చునే ముందు ఆ గాయం లోపలి దాకా మానిందో లేదో తమ సర్జన్‌ను తప్పక అడగాలి. ఎడమవైపు కొలాస్టమీ (పెద్ద పేగును పొట్ట మీదికి తెచ్చే స్టోమా) ఉన్నవారికి ఉప్పు బాధ నాకున్నంత ఉండదు గానీ హెర్నియా భయం అలాగే ఉంటుంది. నేను ఏడాదికోసారి పడుకొని, నిలబడి, దగ్గి సర్జన్ గారికి చూపించుకుంటాను. మొన్న చూపించుకున్నప్పుడు ఉబ్బు లేదన్నారు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు అనంతగిరి వెళ్తున్నాం. నలభై నిమిషాలకోసారి తమ్ముడు ఆగి, అటు తిరిగి నిలబడి, "చూసుకున్నావా అక్కా?" అంటాడు. బ్యాగుకు ముందువైపు పారదర్శకంగా ఉన్న రకం తీసుకుంటాను కనుక టీషర్టు ఎత్తి చూస్తే సరిపోతుంది. ఎర్రగా, తడిగా, చుట్టూ ఎక్కడా తెల్లని గీత లేకుండా ఉంటే "చూసుకున్నానురా" అంటాను. గార్డు చిట్లిన ఆ దిగువ దగ్గర, ఎండుటాకులు రాలే కాలంలో మాత్రం, ఇప్పటికీ సైకిల్ దిగి చేత్తో పట్టుకొని నడుస్తాను.