నాపరాళ్ళ ఊరికి మళ్ళీ

నంద్యాలలో పొద్దున్నే రైలెక్కి కూర్చోగానే నా కూతురు అడిగింది, "నాన్నా, మీ జేజినాయన గనిలో బొగ్గు తవ్వేవాడా?" అని. మా వైపు తాతను జేజినాయన, అవ్వను జేజి అంటాం. గని అంటే దానికి పాఠంలో చదివిన బొగ్గు గనే.

"కాదమ్మా, నాపరాతి బండలు తీసేవాడు" అన్నాను.

నా చిన్నప్పుడు నంద్యాల నుంచి ఇటు రైలు లేదు. 123 కిలోమీటర్ల నంద్యాల-ఎర్రగుంట్ల లైను పూర్తయింది 2016లో. అప్పట్లో ఎండాకాలం సెలవులివ్వగానే కర్నూల్లో బస్సెక్కి, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకు పోయేవాళ్ళం. పెన్న బ్రిడ్జి వచ్చిందంటే ఇంక జేజి దగ్గరికి చేరినట్టే.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి గోడ బండ, పైకప్పు బండ, నేల బండ. చేలకు కంచెగా నిలబెట్టినవీ బండలే. పశువుల తొట్టి కూడా నాలుగు బండలు అతికించి చేసిందే. భూగర్భ శాస్త్రం వాళ్ళు ఈ రాతిని నార్జి సున్నపురాయి అంటారు. నార్జి మా కడప జిల్లాలోని ఊరే. సున్నపురాయి కాబట్టే అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. సున్నపురాయి కాబట్టే చింతపండు పులుసు నేల మీద ఒలికిస్తే జేజి అంత కేకలేసేది. పులుపు పడిన చోట నున్నటి నల్లబండ తెల్లగా మచ్చపడుతుంది. ఎంత తోమినా పోదు.

జేజినాయన కోడి కూయకముందే సద్దిసంగటి, ఊరిమిండి పచ్చడి మూట కట్టుకుని గనికి పోయేవాడు. మధ్యాహ్నం మజ్జిగ చెంబు పట్టుకుని జేజితో నేనూ వెళ్ళేవాణ్ణి. పైన మట్టి తీసేస్తే కింద రాయి పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లా ఉంటుంది. ఉలితో గీత కొట్టి, పొరల సందులో గడ్డపార దూర్చి, ముగ్గురు నలుగురు ఒకేసారి ఎత్తేవాళ్ళు. తొందరపడితే విరుగుతుంది. లేచిన బండను జేజినాయన సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి బండ.

"ఇది మొద్దుగా పలికింది సూడు, లోపల పగులుంది. మిద్దెకు పనికిరాదు, గట్టుకు పెట్టుకోవాల" అనేవాడు. నాకు రెండు శబ్దాలూ ఒకేలా వినిపించేవి. నాలుగో సెలవులకు గానీ తేడా తెలియలేదు.

కూలి అడుగుల లెక్కన. విరిగిన బండకు లెక్క లేదు. ఒకసారి బండ జారి ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. గని యజమాని ఇచ్చింది ఆస్పత్రికి బస్సు చార్జీ మాత్రమే. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. జేజినాయన మాత్రం నెల తిరక్కుండానే, వేళ్ళకు గుడ్డ చుట్టుకుని మళ్ళీ గనిలోకి దిగాడు.

1994లో దగ్గర్లోని కలమల్ల థర్మల్ కేంద్రంలో కరెంటు మొదలైంది. ఆ తర్వాత బొగ్గు రైళ్ళు రావడం చూశాం. సింగరేణి నుంచి వస్తుందని ఎవరో చెప్పారు. "మనకు ఎండన్నా ఉంది. పాపం వాళ్ళు చీకట్లో పన్జేస్తారంట" అన్నాడు జేజినాయన, ఆ వ్యాగన్లు పోయేదాకా చూస్తూ.

స్టేషన్ నుంచి ఆటోలో నిడుజివ్వి వైపు పోయాం. దారి పొడవునా పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి రాతిబురద. జేజినాయన పనిచేసిన గని ఇప్పుడు నీళ్ళ గుంట. ఒడ్డున తుమ్మచెట్లు మొలిచాయి. మా ఇల్లు ఎప్పుడో అమ్మేశాం, కొత్తవాళ్ళు పడగొట్టి డాబా కట్టుకున్నారు. దాని ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

జేజినాయన దగ్గర పని నేర్చుకున్న పెద్దాయన ఒకరు నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. "ఈ నడవలో బండలన్నీ మీ జేజినాయన ఏరి ఇచ్చినవే. ముప్పై ఏండ్లయింది, ఒక్కటి పగల్లేదు" అంటూ మడమతో తట్టి చూపించారు.

వాళ్ళింట్లో సంగటి తిన్నాం. జేజి చేసినట్టే ఆ ఇంటావిడ కూడా నేల మీద నీళ్ళు చల్లి తుడిచింది. మేం మాటల్లో ఉండగానే నా కూతురు చాప కూడా వేసుకోకుండా, చెంప ఆ చల్లటి బండకు ఆనించి నిద్రపోయింది. మూడు గంటల ఆటో వచ్చి హారన్ కొట్టింది. లేపబుద్ధి కాక పంపించేశాను.