కుళాయి వాషరు నాది సరే, గోడలోని పైపు ఎవరిది?

పోయిన వారం ఇల్లు మారాం. పాత ఓనరు గారి నుంచి రావలసిన అడ్వాన్సు నిన్ననే ఖాతాలో పడింది, కోతలు పోను. ఒళ్లు మంట ఇంకా చల్లారలేదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడే రాసేస్తున్నాను.

కూకట్‌పల్లి వైపు ఒక పాత అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. హైదరాబాదులో అందరూ చేసినట్టే పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అద్దె అడ్వాన్సు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకుంటామని రాశారు. ‘చిన్న చిన్న రిపేర్లు అద్దెకున్నవారే చేయించుకోవాలి’ అనే వాక్యమూ ఉంది. చిన్నది అంటే ఎంతవరకు అని సంతకానికి ముందే అడిగాను. ‘మనలో మనకు అంత లెక్కలెందుకమ్మా’ అని ఓనరు గారు నవ్వేశారు.

కుళాయి వాషర్లు, స్విచ్చులు, ఊడిన తలుపు గడియ, కిటికీ దోమతెర అన్నీ నేనే మార్పించుకున్నాను. బోరు నీళ్ల సున్నం పేరుకుని గీజరు ఎలిమెంటు కాలిపోతే ఖర్చు చెరిసగం పెట్టుకున్నాం. ఇంతవరకు పేచీ లేదు.

అసలు కథ కింది ఫ్లాటు బాత్రూం పైకప్పు చెమ్మతో మొదలైంది. వాచ్‌మన్ వచ్చి చెప్పగానే వెళ్లి చూశాను. సున్నం ఉబ్బి, పెచ్చు ఊడి, చుక్కచుక్కగా నీళ్లు. వెంటనే ఓనరు గారికి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాను. జవాబు లేదు. ఆదివారం సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగుకు మాత్రం తయారుగా వచ్చి కూర్చున్నారు.

ఆ మీటింగు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు, ఇరవై మంది జనం. ఓనరు గారు లేచి, ‘ఈమె వచ్చాకే మొదలైందండీ. ఈమె ఉద్యోగానికి పోతుంది, పిల్లలు బకెట్లకు బకెట్లు బోర్లిస్తారు, అడిగేవాళ్లెవరు?’ అన్నారు. మా పెద్దవాడు పదో తరగతి, వాడికి స్నానం చేయమని రోజూ నేనే గుర్తుచేయాలి! నేను నోరు తెరిచేలోపు సెక్రటరీ గారు కళ్లజోడు పైకి నెట్టుకుని, ‘ఇంట్లో మగవాళ్లుంటే పంపించండమ్మా, వివరంగా మాట్లాడుకుందాం’ అన్నారు. మావారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తారు. అద్దె కట్టేది నేను, అగ్రిమెంటులో సంతకం నాది. ఆ మాటే అన్నాను. కొందరు నవ్వారు. ఇంతలో మినిట్స్ పుస్తకంలో ‘మూడో అంతస్తు అద్దెదారు సొంత ఖర్చుతో లీకేజీ బాగుచేయించాలి’ అని రాసేసి, పుస్తకం నా ముందుకు తోశారు. నేను సంతకం పెట్టలేదు. కోర్టు గుమాస్తా కూతురిని, కాగితం విలువ నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

మర్నాడు నేనే ఒక పాత ప్లంబర్‌ను పిలిపించాను. ఆయన సుత్తి బయటకు తీయనేలేదు. ‘వాడినప్పుడే కారితే తప్పు మురుగు గొట్టానిదో, టైల్స్ మధ్య సందులదో. వాడకపోయినా కారితే గోడలో నీళ్ల పైపు. ముందు అది తేల్చండమ్మా, పగలగొట్టడం ఎంతసేపు’ అన్నారు. నెలనెలా చందా వసూలు చేసే అసోసియేషన్‌లో ఒక్కరికీ తట్టని మాట ఇది.

ఆ రాత్రి బాత్రూముకు తాళం వేసి రెండోది వాడుకున్నాం. కింది ఫ్లాటు పెద్దావిడ చుక్కలు పడే చోట స్టీలు గిన్నె పెట్టారు. తెల్లారేసరికి గిన్నెలో నీళ్లున్నాయి. మేడ మీదికి వెళ్లి ఆ బాత్రూముకు దిగే పైపు వాల్వు కట్టేశాం. మధ్యాహ్నానికి చుక్కలు పలచబడ్డాయి, సాయంత్రానికి ఆగిపోయాయి. సెక్రటరీ గారిని పిలిచి చూపించాను. ‘ఊఁ’ అన్నారు, అంతే.

వాష్‌బేసిన్ వెనక గోడ పగలగొడితే పాత ఇనుప పైపు మలుపు దగ్గర తుప్పు పట్టి కనిపించింది. గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. భవనం కట్టినప్పటి పైపు అని ప్లంబర్ చెప్పారు. ఆ ముక్కను దినపత్రికలో చుట్టి తీసుకెళ్లి సెక్రటరీ గారి బల్ల మీద పెట్టాను, ‘మా పిల్లలు బోర్లించిన బకెట్ ఇదేనండీ’ అని. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఓనరు గారు మాత్రం ‘మీరున్నప్పుడే పోయింది కాబట్టి సగం ఇవ్వండి’ అన్నారు. ఇక మాటలు కట్టిపెట్టి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. యజమాని చేయించవలసిన మరమ్మతును, చెప్పిన తర్వాత కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే అగ్రిమెంటులో ఇంకోలా రాసుకుంటే అదే చెల్లుతుంది. మా దాంట్లో ‘చిన్న’ అని ఉంది. గోడ పగలగొట్టే పని చిన్నదెలా అవుతుందని రాశాను. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ (నమూనా అద్దె చట్టం) పట్టికనూ జతచేశాను. అందులో పైపులు, వైరింగు, గోడలకు సున్నం వేయించడం యజమాని వంతు. కుళాయిలు, స్విచ్చులు, గీజరు, తాళాలు అద్దెదారు వంతు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టిపడేయదని నాకు తెలుసు. ఓనరు గారికి తెలుసో లేదో నేను అడగలేదు. పైపు డబ్బు మొత్తం ఆయనే ఇచ్చారు.

కక్ష ఖాళీ చేసేటప్పుడు తీర్చుకున్నారు. రంగులకు ఒక నెల అద్దె పట్టుకున్నారు, రాసుకున్నాం గనుక సరే. కొత్తగా వేసిన టైల్స్ పాతవాటి రంగులో కలవలేదని ఇంకొంత కోశారు! ఆ టైల్స్ కొన్నది ఆయనే. వాట్సాప్ సందేశాలన్నీ తేదీలతో మళ్లీ పంపిస్తే సగం తిరిగి వచ్చింది. మిగతా సగం కోసం ఇంకా అడుగుతున్నాను.

మీరు ఇంట్లో దిగే రోజే బాత్రూం మూలలు, పైకప్పు, వాష్‌బేసిన్ కింది భాగం ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. ఏ ఇబ్బందైనా ఫోనులో చెప్పి ఊరుకోకుండా రాతలో పెట్టండి. అసోసియేషన్ సెక్రటరీ ఇచ్చే సలహా వినకపోయినా నష్టం లేదు.

కొత్త ఇంటి అగ్రిమెంటులో ‘గోడలోని పైపులు, వైర్లు యజమానివి’ అని నేనే రాయించాను. బ్రోకరు ఇంత పట్టింపు ఉన్నవాళ్లకు ఇల్లు దొరకదని గొణిగాడు. కమిషను మాత్రం నెల అద్దె మొత్తం లెక్కపెట్టుకుని మరీ పుచ్చుకున్నాడు.