మా గల్లీ మలుపుకాడ ఒక బోర్డు కావాలె

రాత్రి రెండున్నర అయితే మా అమ్మ లేచి కూసుంటది. డెబ్బై ఏండ్లు దాటినయ్, నిద్ర ఎట్లాగూ తక్కువే, కానీ ఇప్పుడు ఆమెను లేపేది వయసు కాదు, ఇసుక లారీ. ముందుగాల నేల గుమ్మని ఊగుతది, వంటింట్ల గిన్నెలు గలగలమంటయ్, ఆ తర్వాత గానీ లారీ చప్పుడు వినపడదు.

మాది హన్మకొండల ములుగు రోడ్డుకు లోపల ఉన్న కాలనీ. ములుగు, భూపాలపల్లి దిక్కు గోదావరి ఇసుక హైదరాబాద్‌కు పోవాలంటే చాలా లారీలకు 163 హైవేనే దారి, ఇగ పత్తి, మిర్చి సీజన్ల ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిపోయే బండ్లు వేరే. అవన్నీ మెయిన్ రోడ్డు మీద పోతే మాకు ఏ బాధా లేదు, కానీ సిగ్నళ్లు తప్పించుకుందామని మా గల్లీలకు దిగుతున్నయ్. ఇరవై అడుగుల సీసీ రోడ్డు, ఒక పక్క మోరీ, ఇంకో పక్క ఇండ్ల ముందు బండ్లు, పొద్దున ఎనిమిదింటికి పిల్లలు సైకిళ్ల మీద స్కూలుకు పోయేది దాంట్లెనే. మోరీ మీద బండలు పగిలినయ్, నల్లా పైపు పగిలితే నాలుగు రోజులు నీళ్లు రాలే.

రోడ్డు ఎందుకు ఇంత జల్ది ఖరాబ్ అయితుందో చదివినంక నాకు మస్తు కోపం వచ్చింది. 1950ల చివర్ల అమెరికాల ఇల్లినాయ్ రాష్ట్రంల రోడ్లు వేసి వాటి మీద లారీలను తిప్పి తిప్పి పరీక్ష చేసిర్రు, దాంట్ల తేలిందేందంటే యాక్సిల్ మీద, అంటే రెండు పక్కల చక్రాలను కలిపే ఇరుసు మీద, బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 ఇంతలు అయితది. మన దేశంల 2018ల నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు లిమిట్ 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచిర్రు, చూస్తే ఒక టన్ను మీద కొంచెమే, కానీ ఆ లెక్కన నష్టం ఒకటిన్నర రెట్ల కన్న ఎక్కువ. ఇది లిమిట్‌ల ఉన్న లారీ సంగతి. ఓవర్‌లోడ్‌కు 2019 సవరణ నుంచి 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి టన్నుకు ఇంకో 2,000 ఉంది, ఉన్నా గల్లీల తూకం వేసేదెవరు?

మొదటిసారి కాలనీ వాళ్లమంతా సంతకాలు పెట్టి కలెక్టరేట్ల సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చినం. “భారీ వాహనాల వల్ల ఇబ్బంది, తగు చర్య తీసుకోగలరు” అని రాసినం. రసీదు ఇచ్చిర్రు. తర్వాత ఒక ఆఫీసుకు పోతే రోడ్డు మాదే గానీ లారీలను ఆపేది మేం కాదన్నరు, ఇంకో ఆఫీసుకు పోతే ఆపుతం గానీ ఆర్డర్ ఏది, బోర్డు ఏది అన్నరు. మూడు నెలలు ఇట్లనే తిరిగినం.

అప్పుడు మా కాలనీల ఉండే వకీల్ సాబ్ దరఖాస్తు కాపీ చూసి, “ఏం కావాల్నో రాయలేదు కదా తమ్మీ” అన్నడు. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 115 అని ఉందట. జనం భద్రత కోసమో, రోడ్డు తట్టుకోదనో అనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం, లేకుంటే ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్లు, ఫలానా రోడ్డు మీద ఫలానా రకం బండ్లు రావద్దని గెజిట్‌ల, అంటే సర్కారు ప్రకటనలు అచ్చేసే పత్రంల, ఇయ్యొచ్చు, ఇస్తే బోర్డులు కూడా పెట్టాలె. నెల రోజుల లోపు నిషేధానికైతే గెజిట్ కూడా అవసరం లేదు, అక్కడ తెలిసేటట్టు ప్రచారం చేస్తే చాలు. అంటే ఒక నెల పెట్టి చూడుర్రి అని అడిగే దారి మాకు మొదటి నుంచే ఉంది, మాకే తెలవదు.

బోర్డు ఎక్కడ పెట్టాలన్నది మాకు ఒక డ్రైవర్ దగ్గర తెలిసింది. ఒకనాడు రాత్రి టర్నింగ్‌ల ఇరుక్కున్న లారీని మేం నలుగురం చుట్టుముట్టినం, డ్రైవర్ ఇరవై రెండు ఇరవై మూడేండ్ల పిలగాడు, చేతులు వణుకుతున్నయ్. “అన్నా, ఫోన్‌ల మ్యాప్ ఇటే చూపిచ్చింది, లోపలికి వచ్చినంక రివర్స్ తీసే జాగ లేదు” అన్నడు. నాకు ఆ పిలగాని మీద కోపం రాలే. పన్నెండు టైర్ల బండి లోపలికి వచ్చినంక గల్లీ మధ్యల బోర్డు చూసి ఏం చేస్తడు? మెయిన్ రోడ్డు మీద, మలుపు కన్న ముందే, రాత్రి లైట్ పడితే మెరిసే బోర్డు ఉండాలె.

కొందరు అడ్డంగా ఇనుప కమాను కట్టిద్దామన్నరు. నేను వద్దన్న. ఇంటికి మంట అంటుకుంటే ఫైరింజన్ కూడా అదే దారిల రావాలె కదా. ఇంకో మాట కూడా మీటింగ్‌ల చెప్పిన, మా కాలనీల ఇప్పటికీ ఇండ్లు కడుతున్నరు, ఆ ఇసుక, సిమెంటు కూడా లారీలనే వస్తది. అందుకే పూర్తిగా బంద్ అని అడుగుతలేం, ఇక్కడ దింపేది ఉంటే పగలు, స్కూల్ టైం కాకుండ రావొచ్చు, ఊకె దాటిపోయే లారీ మాత్రం ఏ టైంల గూడ రావద్దు.

ఇప్పుడు వంతులేసుకొని నోటుబుక్కుల రాస్తున్నం, ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఎన్ని టైర్లు, లోడా ఖాళీనా అని. రాత్రి రెండింటి వంతు అమ్మ తీసుకుంది, “ఎట్లాగూ మెలకువనే ఉంట కదరా” అన్నది. ఆమె రాసిన పేజీలు, సెక్షన్ 115 పేరు, మలుపుకాడ తీసిన ఫొటో జత చేసి వచ్చే సోమవారం మళ్లీ పోతున్నం. పక్క కాలనీల వాళ్లు ఎవరన్న వస్తే పొద్దున పదింటికల్ల కలెక్టరేట్ గేటుకాడ ఉండుర్రి.