ట్యాంకు నుంచి నాజిల్ దాకా

ఇంటిని వెచ్చగా ఉంచే ఆయిల్ బాయిలర్ ఆగిపోయిందంటే అందరూ ముందు బర్నర్ దగ్గరికే పరిగెడతారు. చప్పుడు చేసేది అదే, మంట వచ్చేది అక్కడే, ఎర్ర బటన్ ఉండేదీ దాని మీదే. నేను చాలాకాలం బాయిలర్ల దగ్గర మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఉంటున్న ఇల్లు కూడా ఆయిల్ మీదే నడుస్తుంది. నేను చూసినంతలో బర్నర్ తనంతట తాను చెడిపోయేది తక్కువ. దానికి నూనె, అంటే డీజిల్ లాంటి హీటింగ్ ఆయిల్, సరిగ్గా అందకపోవడమే ఎక్కువ. ఆ నూనె నడిచే దారి గురించి తెలిసినంతా ఒకచోట రాసిపెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

దారి చూడ్డానికి చాలా సులువుగా ఉంటుంది. ట్యాంకు, దాని దగ్గర ఒక వాల్వు, ఒక ఫిల్టర్, వేలంత లావు కూడా లేని రాగి గొట్టం, బర్నర్‌కి పక్కన బిగించిన చిన్న గేర్ పంపు, చివర నూనెను సన్నటి తుంపరగా చిమ్మే నాజిల్. పంపు రెండు పనులు చేస్తుంది. ట్యాంకు నుంచి నూనెను లాగుతుంది, నాజిల్‌కి నెడుతుంది. నెట్టేవైపు ఒత్తిడి సాధారణంగా 7 బార్ నుంచి 10 బార్ దాకా ఉంటుంది. లాగేవైపు ఉండేది వాక్యూమ్. అసలు తంటా అంతా ఈ లాగేవైపే, అంటే సక్షన్ లైనులోనే.

ఎందుకంటే నెట్టేవైపు జాయింటు కారితే నూనె బయటికొస్తుంది. తడి కనబడుతుంది, వాసన వస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. సక్షన్ లైనులో జాయింటు వదులైతే నూనె బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కూల్‌డ్రింక్ పీల్చినట్టే. గొట్టమంతా పొడిగా, శుభ్రంగా, ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం నూనెతో పాటు గాలి బుడగలు పంపులోకి పోతూనే ఉంటాయి. డీజిల్ ఇంజన్లు నడిపినవాళ్లు ‘ఎయిర్ పట్టింది’ అంటారే, ఇదీ అదే జబ్బు.

ఎయిర్ పట్టిన బర్నర్ వెంటనే ఆగిపోదు. ముందు పంపు సన్నగా ఏడుస్తున్నట్టు మూలుగుతుంది. ప్రెషర్ గేజి పెడితే ముల్లు నిలకడగా ఉండకుండా వణుకుతుంది. బర్నర్ ఆగిన తర్వాత కూడా నాజిల్ నుంచి కొన్ని చుక్కలు కారతాయి. నాజిల్ లైనులో ఇరుక్కున్న గాలి అప్పటిదాకా ఒత్తిడికి నలిగి ఉంటుంది కదా, ఒత్తిడి పోగానే వ్యాకోచించి ముందున్న నూనెను బయటికి తోస్తుంది. ఆ చుక్కలు బాయిలర్ లోపల మంట మండే గదిలో సగంసగం కాలి మసి అవుతాయి, ఇల్లంతా ఆయిల్ వాసన వస్తుంది. బర్నర్ ఆగిన నిమిషానికి వాసన వస్తోందని ఎవరైనా చెబితే నా అనుమానం మొదట గాలి మీదికే పోతుంది.

గాలి పోయే చోట్లు నాకు దాదాపు కంఠతా వచ్చు. ఫిల్టర్ గిన్నె పైనుండే రబ్బరు వాషరు మొదటిది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత వాషర్నే మళ్లీ వేసేస్తారు, అది అప్పటికే గట్టిపడి ఉంటుంది. రెండోది వాల్వు కాడ దగ్గరి ప్యాకింగ్. మూడోది రాగి గొట్టం జాయింట్లు. ఇక్కడ కంప్రెషన్ ఫిట్టింగులు, అంటే గొట్టం చుట్టూ ఉంగరాన్ని నొక్కి బిగించేవి, వాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయిల్ సక్షన్ లైనుకి ఫ్లేర్ ఫిట్టింగులే వాడాలి. గొట్టం అంచును విప్పార్చి, లోహానికి లోహం ఆనేలా బిగించేవి. టెఫ్లాన్ టేపు కూడా వద్దు. దాని పీచు తెగి లోపలికి పోయి పంపు జల్లెడలోనో నాజిల్‌లోనో చిక్కుకుంటుంది. నూనెకి పనికొచ్చే పేస్టు రాస్తే చాలు.

ఇవన్నీ ఊహతో వెతకనక్కర్లేదు. పంపుకి వాక్యూమ్ గేజి పెడితే సగం జవాబు అదే చెబుతుంది. నూనెను ఒక మీటరు ఎత్తుకి లాగడానికి సుమారు 0.08 బార్ వాక్యూమ్ కావాలి. ట్యాంకు పంపు కంటే కిందుండి కూడా గేజి దాదాపు సున్నా చూపిస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. అదే వాక్యూమ్ 0.35 బార్ దాటుతుంటే ఎక్కడో మూసుకుపోతోంది: ఫిల్టర్ నిండింది, గొట్టం నొక్కుకుపోయింది, వాల్వు సగమే తెరుచుకుంది, లేదా నూనె చలికి చిక్కబడింది. వాక్యూమ్ మరీ ఎక్కువైతే నూనెలో కరిగి ఉన్న గాలే బుడగలుగా విడిపోతుంది. అంటే ఒక్క చిల్లు లేకపోయినా ఫిల్టర్ మూసుకుపోయిందన్న కారణంతోనే ఎయిర్ పట్టవచ్చు. ఇది చాలామందికి తెలియదు. జాయింట్లన్నీ విప్పి బిగించి అలిసిపోతారు గానీ ఫిల్టర్ జోలికి పోరు.

ఒక గొట్టమా రెండు గొట్టాలా అన్నది ఇంకో విషయం. పంపు లాగే నూనెలో నాజిల్ కాల్చేది కొద్దిగానే. ఒక గొట్టం పద్ధతిలో మిగిలింది పంపులోనే తిరుగుతుంది. రెండు గొట్టాల పద్ధతిలో మిగిలిందంతా రిటర్న్ లైను మీదుగా ట్యాంకుకి వెళ్లిపోతుంది, గాలిని కూడా తనతో తీసుకుపోతుంది. ట్యాంకు కిందున్నప్పుడు దీన్నే వాడేవాళ్లు. దీనికి రెండు దోషాలున్నాయి. కాల్చే నూనెకి ఎన్నో రెట్లు ఫిల్టర్ గుండా పోతుంది కాబట్టి అది త్వరగా నిండుతుంది. రిటర్న్ లైను నేలలో ఎక్కడైనా చిల్లుపడితే బర్నర్ మామూలుగానే నడుస్తుంది, నూనె మాత్రం మట్టిలోకి పోతూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు బర్నర్ పక్కనే డీఎయిరేటర్ పెడుతున్నారు. ట్యాంకు నుంచి దానికి ఒకటే గొట్టం, దాని నుంచి పంపుకి రెండు. తిరిగొచ్చిన నూనెలో గాలిని అక్కడే వదిలించి మళ్లీ పంపుకే ఇస్తుంది. ట్యాంకు పైభాగం నుంచి నూనె లాగే ఇళ్లలో ఇది తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. రెండు గొట్టాల పద్ధతికి పంపు లోపల ఒక చిన్న బైపాస్ ప్లగ్ బిగిస్తారు. ఆ ప్లగ్ ఉంచి రిటర్న్ గొట్టం పెట్టకుండా పంపు నడిపితే, నూనె పోయే దారి లేక, పంపు ఇరుసు దగ్గర నూనె కారకుండా ఆపే షాఫ్ట్ సీలు పగిలిపోతుంది. పంపు మార్చినవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: ప్లగ్ సంగతి చూశారా?

మొన్న చలికాలంలో ఒక మిత్రుడు రాత్రిపూట ఫోన్ చేశాడు. “అన్నయ్యా, హీటింగ్ ఆగిపోయింది. ఎర్ర బటన్ నొక్కుతూనే ఉన్నాను, కాసేపు తిరిగి ఆగిపోతోంది.” నేను ముందు అన్నది ఒక్కటే: “ఇంక నొక్కకు నాయనా, చేయి తీసెయ్.” ఆ బటన్ ప్రతిసారీ బర్నర్‌కి మంట వెలిగించడానికి కొన్ని సెకన్లు అవకాశమిస్తుంది. వెలగకపోతే ఆపేస్తుంది. ఆ సెకన్లలో నాజిల్ నుంచి వచ్చిన నూనె కాలకుండా లోపలే ఉండిపోతుంది. పదేపదే నొక్కితే అదంతా పోగుపడుతుంది. చివరికి ఒకసారి మంట అంటుకుంటే పోగుపడ్డదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. పొగగొట్టం ఊడిపోయి, బాయిలర్ తలుపు తెరుచుకుని, ఇల్లంతా మసి కమ్మిన సందర్భాలున్నాయి. ఒక్కసారి నొక్కండి. వెలగకపోతే వదిలేయండి.

అతని ఇంట్లో జరిగింది మామూలే, ట్యాంకు ఖాళీ అయింది. గేజి మీద ఇంకా కొంచెం ఉన్నట్టే చూపిస్తోందట. తేలే గేజిలు ఇరుక్కుపోతాయి. పొడవాటి కర్ర దించి చూసుకుంటేనే నమ్మకం. అతని బర్నర్ హీటింగ్ ఆయిల్‌ది కాబట్టి, సరఫరా వచ్చేదాకా డబ్బాలతో డీజిల్ తెచ్చి పోసుకోమన్నాను, రెండూ దాదాపు ఒకటే. కిరోసిన్‌కి సెట్ చేసిన బర్నర్ అయితే ఆ మాట చెప్పేవాణ్ని కాను. పెట్రోల్ మాత్రం ఏ బర్నర్‌కీ, ఎంత అవసరమొచ్చినా, చుక్క కూడా పోయకూడదు, పేలిపోతుంది.

ట్యాంకులో నూనె పోసినంత మాత్రాన బర్నర్ వెలగదు, గొట్టంలో నిండిన గాలిని తీయాలి. రెండు గొట్టాలైతే కొంతసేపటికి అదే పోతుంది. ఒక గొట్టమైతే పంపు మీద బ్లీడ్ స్క్రూ ఉంటుంది. దానికి పారదర్శకమైన గొట్టం తొడిగి రెండో కొసను డబ్బాలో పెట్టి, బర్నర్ ఆన్ చేసి, స్క్రూని స్పానర్‌తో కొద్దిగా వదులు చేయాలి. ముందు గాలి, తర్వాత తెల్లటి నురగ, తర్వాత బుడగలతో నూనె వస్తాయి. బుడగ ఒక్కటి కూడా లేకుండా నిండుగా ధార వచ్చేదాకా ఆగాలి. నురగ తగ్గింది కదా అని తొందరపడి బిగించేస్తే మళ్లీ ఆగిపోతుంది. పంపు తిరుగుతుండగానే స్క్రూ బిగించాలి. అతనితో ఇదంతా ఫోన్లోనే చేయించలేదు. అప్పటికే బటన్ అన్నిసార్లు నొక్కాడు కాబట్టి లోపల ఎంత నూనె పోగుపడిందో చూడాల్సిన పని ఉంది, దానికి మనిషి రావాల్సిందే. ఆ రాత్రికి పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేయమన్నాను. మర్నాడు మెకానిక్ వచ్చి, లోపల తుడిచి, గాలి తీసి వెలిగించాడు.

చలి సంగతికొస్తే, హీటింగ్ ఆయిల్‌లో మైనం ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకి బాగా కిందికి దిగితే ఆ మైనం గడ్డకట్టి ముందు నూనె మసకబారుతుంది, తర్వాత ఫిల్టర్‌లో పేరుకుని దారి మూసేస్తుంది. ట్యాంకు బయటుంటే ఇది తప్పని భయం. కిరోసిన్ కలపడం పాత మందు, బాగా పనిచేస్తుంది. గడ్డకట్టక ముందే కలపాలి. గడ్డకట్టాక పోస్తే కరగదు, ఫిల్టర్‌నీ గొట్టాన్నీ నెమ్మదిగా వెచ్చబెట్టుకోవాలి. గొట్టం దగ్గర మంట పెట్టకూడదని వేరే చెప్పాలా, అయినా చెబుతున్నాను.

గడ్డకట్టకపోయినా చల్లటి నూనె పేచీ పెడుతుంది. చిక్కబడ్డ నూనె నాజిల్ నుంచి తక్కువగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఎక్కువ వస్తుంది. నాజిల్ లోపల నూనె గిరగిరా తిరుగుతూ సన్నటి పొరగా బయటికి రావాలి. చిక్కనిదైతే ఆ తిరుగుడు తగ్గి, పొర మందమై, చుక్కలు పెద్దవవుతాయి. పెద్ద చుక్కలు పూర్తిగా కాలవు. ఫలితం మసి, దడదడమంటూ వెలగడం. దీనికి మందుగా కొన్ని బర్నర్లలో నాజిల్ ముందు చిన్న హీటర్ ఉంటుంది. ఇంకొకటి, వేడి చాలడంలేదని పంపు ఒత్తిడి పెంచేవాళ్లున్నారు. వచ్చే నూనె ఒత్తిడికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 7 బార్‌ని 10 చేస్తే నూనె సుమారు 20 శాతం పెరుగుతుంది. దానికి తగ్గట్టు గాలి పెంచకపోతే పొగే మిగులుతుంది. పొగగొట్టంలో మీటరు పెట్టి కొలిచే సాధనం లేనివాళ్లు పంపు మీద ఒత్తిడి మార్చే స్క్రూని ముట్టుకోకపోవడమే మంచిది.

ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి కిందికి జారుతుంది. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుగునే ఉండి, ఇనుప ట్యాంకుని లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బయట రంగు నిగనిగలాడుతూ ఉండగానే అడుగు పలచబడిపోతుంది. నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు దొరుకుతుంది, కర్ర చివర రాసి అడుగుకి ఆనించి తీస్తే ఎంత ఎత్తు నీళ్లున్నాయో తెలుస్తుంది. ఏడాదికోసారి ఫిల్టర్ మార్చేటప్పుడే ఇదీ చూసుకోండి. బయోడీజిల్ కలిపిన ఆయిల్‌కి కొత్తగా మారితే పాత మడ్డి ఊడి వస్తుంది. అలాంటప్పుడు ఫిల్టర్ ఏడాది ఆగదు.

ట్యాంకరు వచ్చి నింపేటప్పుడు బర్నర్ ఆపేయండి. ధార పడ్డ వేగానికి అడుగు మడ్డి అంతా పైకి లేస్తుంది, అది మళ్లీ కిందికి దిగేదాకా కాసేపు ఆగి అప్పుడు ఆన్ చేయండి. కొన్ని ట్యాంకుల గాలిగొట్టంలో ఈల ఉంటుంది. నింపుతున్నంతసేపూ బయటికి పోయే గాలికి అది మోగుతుంది, నూనె దాని అడుగుకి తగలగానే ఆగుతుంది. నింపే మనిషి చెవి దాని మీదే ఉంటుంది. ఈల మోగకపోతే నింపకూడదు. గాలి పోయే దారిలో ఏదో అడ్డముంది, లేదా అక్కడ ట్యాంకే లేదు.

అక్కడ ట్యాంకే లేకపోవడం నిజంగా జరిగేదే. ఆయిల్ నుంచి గ్యాస్‌కో కరెంటుకో మారినప్పుడు ట్యాంకు తీసేస్తారు. గోడకున్న నింపే గొట్టాన్ని మాత్రం అలాగే వదిలేస్తారు. ఏ రోజో ఇంటి నంబరు పొరపాటున ట్యాంకరు వచ్చి, ఆ గొట్టానికి పైపు తగిలించి, వందల లీటర్లు నేరుగా బేస్‌మెంట్ నేల మీదికి పంపేస్తుంది. ఆ ఇంటి గోడల నుంచి వాసన పోగొట్టడం చాలా కష్టం. ట్యాంకు తీయిస్తుంటే నింపే గొట్టాన్నీ గాలిగొట్టాన్నీ గోడలోంచి పూర్తిగా పీకించి, ఆ కన్నాలు సిమెంటుతో మూయించండి. మూత బిగించి వదిలేస్తామంటే ఒప్పుకోకండి.