పడిపోయే లిఫ్టు కన్నా పాడుబడిన హోటలే ఎక్కువ భయపెట్టింది

అమెరికాలోని ఒర్లాండో వెళ్ళివచ్చిన మనవాళ్ళు అక్కడి వినోద పార్కు డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్‌లోని ‘టవర్ ఆఫ్ టెర్రర్’ అనే లిఫ్టు ఆట గురించి మాట్లాడితే లిఫ్టు ఎంత వేగంగా కిందికి పడిందో, ఎవరెంత గట్టిగా కేకలు పెట్టారో చెబుతారు. నాకు మాత్రం లిఫ్టు ఎక్కడానికి ముందు నడిచివెళ్ళే ఆ పాత హోటలే మనసులో నిలిచిపోయింది.

1939 అక్టోబరు 31 రాత్రి, హాలీవుడ్ టవర్ హోటల్ పై అంతస్తులో జరిగే వేడుకకు వెళుతున్న ఒక బాలతార, ఆమె ఆయా, ఒక యువ జంట, హోటల్ కుర్రవాడు, పిడుగు పడడంతో లిఫ్టుతో సహా మాయమయ్యారన్నది కథ. 1994 జూలైలో ప్రారంభమైన ఈ కట్టడం ఆ కల్పనను ఎంత శ్రద్ధగా నిలబెట్టిందో లాబీలో అడుగు పెట్టగానే తెలుస్తుంది. బల్ల మీద మహ్‌జాంగ్ అనే చైనా బిళ్ళల ఆట సగంలో ఆగిపోయి ఉంటుంది. ఎవరూ తీసుకువెళ్ళని పెట్టెలు, సాలెగూళ్ళు, అన్నిటి మీదా దట్టమైన దుమ్ము, ఎక్కడి నుంచో సన్నగా వినిపించే పాతకాలపు జాజ్ సంగీతం. అక్కడ దయ్యం ఒక్కటీ కనబడదు. మనుషులు ఉన్నపళంగా లేచి వెళ్ళిపోయారన్న ఆనవాళ్ళు మాత్రమే ఉంటాయి, మిగిలినది మన ఊహే పూర్తిచేస్తుంది. నా దృష్టిలో భయం కలిగించే కళకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

ఆ శ్రద్ధ కట్టడం ఎత్తు విషయంలోనూ కనిపిస్తుంది. అమెరికాలో 200 అడుగులు దాటే కట్టడాల మీద విమానాల కోసం హెచ్చరిక దీపాలు పెట్టవలసి వస్తుంది. పాత హోటల్ నెత్తిన అటువంటి దీపం మెరిస్తే కాలభ్రమ చెదిరిపోతుంది కనుక దీనిని 199 అడుగుల దగ్గరే ఆపారు.

ఇక లిఫ్టు సంగతి. మనం కూర్చున్న బండి మొదట నిలువుగా పైకి లేచి, తరువాత ఎవరూ ఊహించని విధంగా లిఫ్టు గూడు నుంచి బయటికి వచ్చి చీకట్లో ముందుకు సాగి, మరొక గూటిలోకి ప్రవేశిస్తుంది. అక్కడ అది తనంతట తాను పడదు. మోటార్లు తాళ్ళతో కిందికి లాగడం వల్ల మామూలుగా జారిపడే వస్తువు కన్నా వేగంగా దిగుతుంది, అందుకే శరీరం సీటు నుంచి లేచిపోతుంది. ఎన్నిసార్లు, ఏ వరుసలో పడాలో కంప్యూటరే అప్పటికప్పుడు ఎంచుకుంటుంది.

హోటల్ వాతావరణం ఎంత ముఖ్యమో కాలిఫోర్నియాలో జరిగిన మార్పు చూస్తే తెలుస్తుంది. అక్కడి డిస్నీ పార్కులో 2004లో తెరిచిన ఇలాంటి టవర్‌నే 2017 జనవరిలో మూసివేసి, సూపర్ హీరోల కథతో పాటలు మోగే హుషారైన ఆటగా మార్చారు. యంత్రం పాతదే, పడడమూ ఉంది. హోటల్ లేకపోవడంతో ఆ గుబులు లేదు. జపాన్‌లోని టోక్యో డిస్నీసీ పార్కులో మాత్రం 2006లో వేరే కథతో, హైటవర్ అనే సంపన్నుడి హోటల్‌గా కట్టినది ఇప్పటికీ హోటల్‌గానే కొనసాగుతోంది.

ఒర్లాండో వెళ్ళేవారు వరుసలో నిలబడిన ఆ సమయాన్ని ఫోనుకు ఇవ్వకుండా, లాబీలోని ఒక్కొక్క బల్లనూ నిదానంగా చూడమని నా మనవి.