రన్‌వే పొడిగిస్తే దూరదేశాల విమానం వస్తుందా?

యూరప్‌లోని ఒక ప్రాంతీయ విమానాశ్రయంలో, ఆర్థిక ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్నాను. సాటి ప్రవాసులు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: "ఇక్కడి నుంచి మన దేశానికి నేరుగా విమానం ఎప్పుడండీ? మీరు అక్కడే ఉన్నారు కదా, చెప్పి వేయించలేరా?" వయసు మళ్లిన తల్లిదండ్రులను చూడటానికి నేనూ రెండు చోట్ల విమానం మారి వెళ్లేవాణ్ణే కనుక ఆ ఆరాటం నాకు తెలుసు. అయినా, అటువంటి దూరప్రయాణపు పెద్ద విమానాల కోసం రన్‌వేను పొడిగించాలన్న ప్రతిపాదన పరిశీలనకు వచ్చినప్పుడు ఇప్పట్లో వద్దనే రాశాను.

మా సంస్థ అంకెలు బయటపెట్టలేను కాబట్టి, ఊహించిన గుండ్రటి అంకెలతో చెబుతాను. 240 సీట్ల విమానం వారానికి మూడుసార్లు వచ్చి వెళుతూ, 80 శాతం సీట్లు నిండితే, ఏడాదికి రాకపోకలు కలిపి సుమారు 60,000 మంది ప్రయాణిస్తారు. పొడిగింపు కోసం 5 కోట్ల యూరోల అప్పు 5 శాతం వడ్డీకి తెచ్చి 30 ఏళ్లలో తీర్చాలంటే ఏటా సుమారు 32.5 లక్షల యూరోలు కట్టాలి. ప్రయాణికుల రుసుము సాధారణంగా బయలుదేరేవారి మీదే పడుతుంది. అంటే ఆ 30,000 మందిలో ఒక్కొక్కరి వాటాకు 108 యూరోలు వస్తాయి. ల్యాండింగ్ రుసుము కొంత ఆదుకుంటుందనుకున్నా, కొత్త మార్గం మొదలుపెట్టే విమానయాన సంస్థ తొలి ఏళ్లలో రాయితీలే అడుగుతుంది.

ఖర్చు అంతటితో ఆగదు. సీట్ల మధ్య ఒకే నడవ ఉండే ఎయిర్‌బస్ ఏ320 స్థాయి విమానాలకు రెండు అగ్నిమాపక వాహనాలు చాలు. రెండు నడవల పెద్ద విమానం దిగాలంటే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మూడు ఉండాలి, వాటికి తగిన సిబ్బందీ ఉండాలి.

మా ప్రవాసుల ప్రయాణాల తీరు కూడా దాపరికం లేకుండా చెప్పాలి. పిల్లల సెలవుల్లో అందరం ఒకేసారి బయలుదేరుతాం, నెలల ముందే చవక టికెట్లు కొంటాం, మిగిలిన కాలంలో సీట్లు ఖాళీగా మిగులుతాయి. దూరప్రయాణపు విమానానికి ఆదాయం నిలబెట్టేవి ఏడాది పొడవునా నిండే బిజినెస్ క్లాస్, కింది అరలోని సరకు. ఆ రెండూ రావాలంటే చుట్టుపక్కల పరిశ్రమలు ఉండాలి.

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విమానాశ్రయం 2014లో రన్‌వేను సుమారు 400 మీటర్లు పొడిగించింది. కానీ అప్పటికే అక్కడ ఏటా 90 లక్షల మందికి పైగా ప్రయాణికులు, వెనుక పెద్ద పారిశ్రామిక ప్రాంతం ఉన్నాయి. స్పెయిన్‌లోని సియుదాద్ రియల్‌కు 4 కిలోమీటర్ల రన్‌వే ఉన్నా ప్రయాణికులు లేక 2012లో మూతపడింది. యూరోపియన్ కమిషన్ 2014 మార్గదర్శకాలు కూడా, ఏటా 50 లక్షల మంది దాటిన విమానాశ్రయాలే సాధారణంగా లాభాల్లో ఉంటాయని చెప్పాయి.

మరొక కారణం కూడా రాశాను. 2024 నవంబరులో ఐబీరియా సంస్థ మాడ్రిడ్–బోస్టన్ మధ్య నడపడం మొదలుపెట్టిన ఏ321ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకే నడవ విమానమైనా 8,700 కిలోమీటర్ల వరకు వెళ్లగలదు. దానికి రెండు అగ్నిమాపక వాహనాలు సరిపోతాయి, నింపాల్సిన సీట్లూ తక్కువే. అటువంటి విమానాలు అందుబాటులోకి వస్తున్నప్పుడు పెద్ద విమానం కోసం ఇవాళే కాంక్రీటు పోయడం తొందరపాటు.

రన్‌వే చివరనున్న భూమిలో కట్టడాలు రాకుండా కాపాడాలని, ఈలోగా పెద్ద విమానాశ్రయాలకు వెళ్లే ఉదయపు విమానాల వేళలను అక్కడి దూరప్రయాణాలకు అందేలా కుదర్చాలని సూచించాను. ఆ రెండో పని జరిగితే మా ప్రయాణంలో రెండు మార్పిడులు ఒకటవుతాయి.